పది నిమిషాల బల్ల

నాచారంలో ఫ్యాక్టరీలకు వెళ్లే దారిలో, మందుల షాపు పైఅంతస్తులో ఒక చిన్న క్లినిక్ ఉంది. స్వర్ణలత సిస్టర్‌ది అక్కడ ఇరవై రెండేళ్ల సర్వీసు. నేను ఇంటర్ బైపీసీ మొదటి ఏడాది అయిపోయిన వేసవిలో ఆమె దగ్గర చేరాను. చేరానంటే ఉద్యోగం కాదు. డాక్టర్నవుతానని ఇల్లంతా ఎగిరే పిల్ల, ముందు దవాఖానా ఎలా ఉంటుందో చూడనీ అని మా నాన్న పంపించారు. తెల్లకోటు ఇవ్వలేదని మొదటిరోజే నాకు ఒళ్లు మండింది.

సిస్టర్‌ది ఒకటే పట్టుదల. మెట్లెక్కి ఎవరొచ్చినా బీపీ చూసేముందు కిటికీ పక్కన బల్ల మీద పది నిమిషాలు కూర్చోవాల్సిందే. గడియారం మాత్రం చూసేది కాదు, వాళ్ల కాళ్లు చూసేది. కాలివేళ్లు ఆడటం ఆగాకే బీపీ పట్టీ చేతిలోకి తీసుకునేది.

"ఒళ్లు పైకొచ్చింది గని మనిషి ఇంకా కిందనే ఉన్నడు. జర రానియ్యి" అనేది నాతో, వాళ్లు వింటుండగానే.

మధ్యాహ్నం పూట ఆ బల్ల దగ్గర లోకం మెత్తబడిపోయేది. వేపచెట్టు నీడ నేల మీద మెల్లగా ఊగేది. ఎక్కడినుంచో రొట్టెలు కాలుతున్న తియ్యటి వాసన వచ్చేది. కూర్చున్నవాళ్ల కళ్లు వాలిపోయేవి. నేనూ తేలిపోయేదాన్ని. ఆ గది పెద్ద ఆస్పత్రి అయ్యేది, పొడవాటి వరండాలో నేను నడిచొస్తుంటే అందరూ లేచి నిలబడేవాళ్లు. కల మాత్రం మహా గొప్పగా ఉండేది!

నాలుగు రోజులు తన చేతికే పట్టీ కట్టించుకుని సిస్టర్ నాకు బీపీ చూడటం నేర్పింది. ఐదో రోజు శుక్రవారం. ఆమె లోపలి గదిలో ఒకరికి కట్టు కడుతుండగా రాజయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. ఏటా ఇచ్చే ఫిట్‌నెస్ కాగితం సోమవారంలోగా ఇవ్వకపోతే పనిలోకి రానివ్వరట. ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదలకపోతే దిగి నడిచే వచ్చాడు.

నేను బల్ల సంగతి ఎత్తలేదు. గబగబా పట్టీ చుట్టాను. నూట డెబ్బై రెండు, నూట నాలుగు. కాగితం మీద రాసేశాను.

"బీపీ చాలా ఎక్కువుంది. ఇలా ఉంటే బాయిలర్ పని చెయ్యకూడదు" అన్నాను, కలలో వరండాలో మాట్లాడే గొంతుతో.

రాజయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డాక్టర్ని కలవకుండానే దిగిపోయాడు.

సిస్టర్ బయటికొచ్చి అడిగింది, "బల్ల మీద కూసోబెట్టినవా?"

నేను తల దించుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నడిచొచ్చిన మనిషికి గట్లనే ఉంటది. గా నంబర్ సూసి పని ఇడిసిపెడితే ఎట్ల? పో, తోల్కరా."

పరుగెత్తాను. రాజయ్య కింద టీ బండి పక్కన నిలబడి, గ్లాసులో టీ చల్లారిపోతున్నా తాగకుండా నా అంకెనే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అంకుల్, తప్పు నాది. మళ్లీ చూస్తాం, రండి."

రాజయ్య నా వెంట మెట్లెక్కాడు. సిస్టర్ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, "కాళ్లు ఆగినంక సూస్తం, ఫికర్ జెయ్యకు" అంది. తర్వాత మిషన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే సూడు."

వద్దందామనుకుంటూనే ఆయన ఎదురుగా ఎత్తు స్టూలెక్కి కూర్చున్నాను. దుమ్ముకొట్టుకున్న ఆయన వేళ్లు చెప్పుల్లో ఆడుతున్నాయి. వేపనీడ ఆ కాళ్లను దాటి గోడ ఎక్కింది. ఎంతసేపయినా వరండా రాలేదు, లేచి నిలబడే జనం రాలేదు. ఆ వేళ్లు తప్ప లోకంలో ఇంకేమీ లేదు.

"మొన్న శివరాత్రికి కీసర గుట్ట ఎక్కిన. మనుమరాలు భుజం మీదనే ఉండె" అన్నాడు రాజయ్య నిద్రమత్తుగా. ఆ తర్వాత వేళ్లు ఆగిపోయాయి.

నేను పట్టీ చేతిలోకి తీసుకున్నాను. ఆయన కళ్లు తెరిచి నా కాళ్లకేసి చూశాడు.

"బిడ్డా, నీ కాళ్లింకా ఊగుతున్నయ్. ఇట్ల వచ్చి జర కూసో. నువ్వు గూడ పైకొచ్చినంక సూద్దువు."

బల్ల మీద జరిగి చోటిచ్చాడు. సిస్టర్ అటు తిరిగి నవ్వుకుంది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఎంతసేపని ఎవరూ చూడలేదు.

తర్వాత పట్టీ కట్టాను. నూట ముప్పై ఆరు, ఎనభై నాలుగు. డాక్టర్ గారు తానూ ఒకసారి చూసి, నా పాత అంకె కొట్టేసి సంతకం పెట్టారు. రాజయ్య కాగితం తీసుకుని మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. నేను ఇంకా బల్ల మీదే ఉన్నాను.