నడక చూసి చెప్పిన పేరు

మా ఆయన జాన్సన్ పదిహేడేండ్లు మిలిటరీల చేసి హవల్దారుగ ఇంటికొచ్చిండు. అక్కడ ఏం పని చేసెటోనివని ఎవరన్న అడిగితే "చూసుడు" అనెటోడు. అడిగినోళ్లు నవ్వుతుంటే నాకు ఒళ్లు మండేది. గంత మందిల గట్ల చెప్పుకుంటరా ఎవరన్న? కానీ గాయన చెప్పింది నిజమే. జమ్మూ దిక్కు ఒక గుట్ట మీద కూసొని, వేడిని పట్టే కెమెరాల కెల్లి అవతలి లోయను చూసుడే డ్యూటీ. అండ్ల మొఖం కనపడదట. మనిషి తెల్లటి మచ్చ లెక్క కదులుతడు, గంతే. ఆ మచ్చ గొర్లు కాసెటాయననా, మన జవానా, పరాయోడా అన్నది నడక చూసి చెప్పాలె. జాన్సన్ ఒక్కపారి గూడ తప్పు చెప్పలేదని పెద్దసార్లు కాగితం మీద రాసిచ్చిన్రు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరుల పెట్టి బీరువాల మా పెండ్లి ఫోటోల మీద దాసిండు.

ఇంటికొచ్చినంక రెండేండ్లు ఆ కాగితం పట్టుకొని తిరగని జాగ లేదు. కరీంనగర్ల నెట్ సెంటర్ పిల్ల బయోడేటా కొడుతూ "అంటే సెక్యూరిటీ గార్డే కదా అంకుల్" అని, గదే కొట్టి చేతుల పెట్టింది. డ్రోన్లు ఎగిరేసే కంపెనీ ఒకటి ఉందంటే హైదరాబాద్ దాకా పోయిండు, వాళ్లు డిగ్రీ అడిగిన్రు. బ్యాంకోళ్లు తుపాకి పట్టుకొని గేటు కాడ నిలబడమన్నరు. ఆదిలాబాద్ల జిన్నింగ్ మిల్లు సేటు కాగితమంత ఓపికగ చదివి, సగం మరాఠీ సగం తెలుగుల "మస్తుంది భావూ, కానీ నాకు పత్తి బండ్ల నంబర్లు రాసెటోడు గావాలె" అన్నడట.

"గింత నేర్చుకున్నది ఎవరికి అక్కరొస్తది మహిమా?" అన్నడు ఒకనాడు.

"నాకు అక్కరొస్తది, పొయ్యి మీద పాలు చూడు" అన్న నేను. నవ్వుతడేమో అనుకున్న. నవ్వలే. లేసి పోయి నిజంగనే పాల కాడ నిలబడ్డడు.

ఆఖరికి మా శ్రీరాంపూర్‌లనే పని దొరికింది. బొగ్గుబాయిలకు సామాన్లు తోలే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు యార్డుల సీసీ కెమెరాల రూము. పన్నెండు కెమెరాలు, ఒక కుర్చీ. అదే యార్డుల పోశం మామ గేటు కాడ బండ్ల చిట్టీలు చూసుకుంట, పొద్దుమాపు ఊడ్సుకుంట ఉండెటోడు.

పోశం మామ ముప్పై ఏండ్లు బాయిల దిగి బొగ్గు ఎత్తిన మనిషి. మా మామ సీమోనుది, ఆయనది ఒకటే షిఫ్టు. సీమోను మామ జాన్సన్‌కు ఆరేండ్లప్పుడే జబ్బు చేసి పోయిండు. అప్పటి సంది మా ఆయనకు పెద్దదిక్కు పోశం పెద్దబాపే. మిలిటరీ సెలక్షనుకు కరీంనగర్ తోల్కపోయింది గూడ ఆయనే. గ్రౌండుల పోరగాండ్లు ఉరుకుతుంటే పెద్దబాపు జాన్సన్ చెప్పులు చంకల పెట్టుకొని తాడు అవతల నిలబడ్డడట. ఈ ముచ్చట మా ఆయన చెప్పంగ నేను ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు.

మొన్న నవంబరు మొదట్ల యార్డుల రాగి కేబులు చుట్ట పోయింది. మేనేజరు నిరంజన్ సారు పొద్దుగాలనే జాన్సన్‌ను పిలిచి రికార్డింగు పెట్టమన్నడు. తెల్లారంగ, మంచుల, ఒక మనిషి రగ్గు తలనిండ కప్పుకొని భుజం మీద చుట్టతోటి వెనక గోడ దిక్కు పోతుండు. మొఖం లేదు. మా ఆయన ఏడుసార్లు తిప్పి తిప్పి చూసిండట. చూసి, "సారూ, గీ నడక పోశం పెద్దబాపుది" అన్నడట.

ఎట్ల నోరొచ్చిందో ఇప్పటికీ నాకు తెల్వది. చూసింది చూసినట్టు చెప్పాలె, ఎవరు ఏంది అని ఆలోచన చెయ్యొద్దు అని పదిహేడేండ్లు నేర్పిన్రు గద, గదే చేసిండు. నిరంజన్ సారు భుజం తట్టి, పక్క యార్డు మేనేజర్లను గూడ పిలిపించి "మిలిటరీ కన్ను అంటే గిది" అని చూపించిండట. సూపర్‌వైజర్‌ను చేస్తనన్నడట. ఆనాడు మా ఆయన కిలో మటన్ తెచ్చిండు.

"నీకు ఖాయమేనా?" అని అడిగిన.

"మోకాళ్లు జర వంచి, కాళ్లు ఎత్తెత్తి ఏస్తడు. ఎడమ భుజం కిందికి. లక్ష మందిల గుర్తుపడ్త."

"గాయన నిన్ను చేతులల్ల పెంచిండు గదనయ్యా."

"అందుకే నాకు ఇంకింత బాగ తెలుసు."

నేను మసాలా నూరిన. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. రెండేండ్లకు నా మనిషి తల ఎత్తి అన్నం తిన్నడు. నేనే దగ్గర కూసొని రెండోసారి వడ్డించిన. గది యాదికొస్తే నా మీద నాకే అసహ్యమయితది.

పోశం మామను రెండు దినాలు ఠాణాల కూసోబెట్టిన్రు. "ఆ యాళ్లకు నేను ఇంట్ల పండుకొనే ఉన్న" అని ఒక్కటే మాట చెప్పిండట. సామాను దొరకలేదు గనుక ఇడిసిపెట్టిన్రు గని, కేసుల పేరు అట్లనే ఉంది, పని పోయింది. కాలనీల మంది నోర్లు ఊకుంటయా? నల్లా కాడ ఆడోళ్లు పోశం మామ పెండ్లాం ఎల్లక్క అత్తను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నరు. నేను చూసుకుంటనే నా బిందె నింపుకున్న. వారం తిరగకముందే మొగుడు పెండ్లాలు ఇంటికి తాళమేసి చొప్పదండిల బిడ్డ శ్యామల ఇంటికి పోయిన్రు. ఆటో మా వాకిలి ముంగట కెల్లే పోయింది. ఎల్లక్క అత్త ఇటు దిక్కు చూడలే.

నెలాఖరుకు మా అత్త ఎలీసబెతును బ్యాంకుకు తీస్కపోయినం. బాయి పింఛన్ తీసుకునేటోళ్లు ఏటా ఆ నెలల బతికే ఉన్నమని కాగితం ఇయ్యాలె. మస్తు మంది ఉన్నరని ముగ్గురం మెట్ల మీద కూసున్నం. రోడ్డు దిక్కు కెల్లి ముసలోళ్లు ఒక్కొక్కలు ఆటోలు దిగి వస్తున్నరు.

జాన్సన్ మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోయిండు. నేను అటు చూసిన. తెల్లంగి ఏసుకున్న ముసలాయన ఒకడు మోకాళ్లు వంచి, కాళ్లు ఎత్తెత్తి ఏసుకుంట వస్తుండు. ఎడమ భుజం కిందికి. ఆయన వెనక ఇంకొకాయన, గట్లనే. ఆ వెనక ఇద్దరు.

"అవ్వా, గీళ్లంత గిట్లెందుకు నడుస్తున్నరు?" అన్నడు.

"బాయోళ్లు గట్లనే నడుస్తరు రా" అన్నది అత్త. "లోపట కప్పు నెత్తికి తాకుతది, మోకాళ్లు వంచి నడవాలె. కింద పట్టాలు కాళ్లకు తాకుతయి, ఎత్తెత్తి అడుగెయ్యాలె. ఎడమ భుజం మీద తట్ట మోసి మోసి అదే దిక్కు వంగుతరు. పైకొచ్చినంక గూడ గదే నడక. మీ బాపు గూడ గట్లనే నడిచెటోడు. నీకు యాది లేదా?"

ఆయనకు యాది లేదు. పసితనంల బాపు పోయె, పందొమ్మిదేండ్లకు ఊరు ఇడిసిపెట్టె. కాలనీల మిగిలినోళ్ల నడక ఎన్నడు పట్టి చూడలే, దగ్గర నుంచి చూసింది ఒక్క పోశం పెద్దబాపుదే. గది ఆయన ఒక్కని నడకే అనుకున్నడు. ఆ గుట్ట మీద గొర్లకాపరి నడక వేరు, జవాను నడక వేరు. మా కాడ ఇంటికొక్కలు గట్లనే నడుస్తరు. అత్త వేలిముద్ర ఏసి వచ్చేదాక మా ఆయన ఆ మెట్ల మీద కూసొని రెండు చేతులతోటి మొఖం కప్పుకొని ఏడ్చిండు. నలుగురు చూస్తున్నరని నేను అనలే.

అటు కెల్లి అటే యార్డుకు పోయిండు. "నేను చెప్పింది తప్పు సారూ" అన్నడట.

"తప్పంటవేందయ్యా? ఠాణాల రాసిచ్చినం గద. పోశమే గావొచ్చు" అన్నడట నిరంజన్ సారు.

"గావొచ్చు. గీ ఊర్ల ఇంకో వెయ్యి మంది గూడ గావొచ్చు."

"ఇప్పుడు మాట మారిస్తే కంపెనీ ఇజ్జత్ ఏంగావాలె? నీ నౌకరి ఏంగావాలె?"

మా ఆయన తన చేతితోటి కాగితం రాసి ఠాణాల ఇచ్చిండు. నౌకరి ఆనాడే పోయింది. పదిహేను దినాలు తిరిగితే కేసుల కెల్లి పోశం మామ పేరు తీసేసినట్టు కాగితం చేతికొచ్చింది. అది పట్టుకొని ఇద్దరం చొప్పదండి బస్సెక్కినం.

పోశం మామ వరండాల నులక మంచం మీద కూసొని ఉన్నడు. చిక్కిపోయిండు. జాన్సన్ కింద కూసొని ఉన్నదున్నట్టు చెప్పిండు, బ్యాంకు మెట్ల సంగతి గూడ. "తప్పయింది పెద్దబాపూ" అని కాళ్లు పట్టుకున్నడు. శ్యామల కాగితం చదివి వినిపించింది. మామ మొత్తం విని, "మంచిది బిడ్డా. అన్నం తిని పోన్రి" అన్నడు. ఎల్లక్క అత్త మాట్లాడకుంటనే వడ్డించింది. తిట్టినా మంచిగుంటుండె అనిపించింది నాకు.

బస్సు యాళ్లయింది. శ్రీరాంపూర్ల ఉన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా పోశం మామ బస్టాండు దాకా వచ్చి సాగనంపెటోడు, బస్సు కదిలేదాక మళ్లెటోడు కాదు. గది తెలిసే మా ఆయన గడప కాడ నిలబడి చూస్తుండు. మామ మంచం దిగలే. శ్యామల నా చెవుల మెల్లగ చెప్పింది, "వచ్చిన కాడికెల్లి బయటికి పోతలేడు వదినా. ఎవ్వరు లేనప్పుడే లేసి తిరుగుతుండు."

జాన్సన్ దగ్గరికి పోయి చెయ్యి చాపిండు. "రా పెద్దబాపూ, బస్టాండు దాకా పోదాం."

మామ ఆ చెయ్యి పట్టుకున్నడు, నిమిరిండు, ఇడిసిపెట్టిండు.

"నువ్వు పో బిడ్డా" అన్నడు. "నువ్వు చూస్తుంటే నాకు నడక వస్తలేదు."

మా ఆయన మొఖం గోడ దిక్కు తిప్పుకొని, మామకు వీపు పెట్టి నిలబడ్డడు. మా బస్సు పోయింది. దాని వెనక బస్సు గూడ పోయింది. మామ మంచం మీదనే కూసొని ఉన్నడు.