మూడో ప్లగ్గు తడిసిన మాచర్ల ప్రయాణం

రండి, ఆ పీట ఇటు లాక్కుని కూర్చోండి. అంత దూరాన ఉంటే ఫ్యాను మోతలో నా మాట వినపడదు. నరసరావుపేట నుంచి మాచర్లకు మేం కారులో వెళ్ళొచ్చిన సంగతి చెబుతాను. మామూలుగా అయితే రెండు గంటల దారి. మాకు నాలుగున్నర గంటలకు అయిదు నిమిషాలు తక్కువ పట్టింది. ఎందుకు పట్టిందో వింటే, మీ ఇంట్లో ఎవరైనా బండి కొన్నప్పుడు పనికొస్తుంది.

ప్రయాణానికి కారణం మా తమ్ముడు కోటేశు. మాచర్లలో నాపరాళ్ళ పని వాడిది. ఇరవై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు బండలు పరిచి పరిచి, చివరికి తనకంటూ రెండు గదుల ఇల్లు లేపుకున్నాడు. గురువారం గృహప్రవేశం. పాలు పొంగించే ముహూర్తం పది గంటల యాభై రెండు నిమిషాలకు. మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగించేది ఆ ఇంటి ఆడపడుచే. వాడికి నేనొక్కదాన్నే అక్కను. పైగా పాలు పొంగించాల్సిన మా అమ్మ ఇత్తడి గిన్నె నా దగ్గరే ఉంది. ముందురోజు ఫోనులో వాడు ఒకటే మాట అన్నాడు: "నువ్వు రాందే పొయ్యి ముట్టియ్యనక్కా. పంతులు ఏమన్నా అనుకోనీ."

బస్సులో పోవచ్చు కదా అంటారేమో. మా ఆయన ముప్పై ఏళ్ళు సున్నం లారీలు తోలాడు, అన్నీ వేరేవాళ్ళ బండ్లే. మా పుట్టింట్లో ఏ శుభకార్యం జరిగినా నన్ను లారీలో ఎక్కించుకుని ఊరి బయట దించేవాడు. ఓనరుకు తెలిస్తే మాట వస్తుందని గుమ్మం దాకా ఎప్పుడూ బండి తేలేదు. నేను పట్టుచీరకు అంటిన సున్నం దులుపుకుంటూ నడిచి వెళ్ళేదాన్ని. ఆయన మనసులో అది ఉండిపోయింది. కిందటి ఆదివారం రొంపిచెర్ల అంజయ్య దగ్గర పాత పెట్రోలు కారు కొన్నాడు. అంజయ్య ఆయనతో కలిసి లారీలు తోలినవాడు, ఒక పొట్లంలో అన్నం పంచుకు తిన్నవాడు. కోటేశు గుమ్మం ముందు ఈ కారు ఆపాలని మా ఆయన పట్టుదల.

గురువారం తెల్లవారుజామునే కారు తుడిచి, ఆయిలు చూద్దామని బానెట్టు ఎత్తి పెట్టాడు. నేను పూజ చేశాను. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగుకు పసుపు రాశాను. బానెట్టు తెరిచే ఉంది గనుక లోపల కూడా బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు బండికి చూపించి, హారతి ఇచ్చాను. మా ఆయన అప్పుడు స్నానానికి వెళ్ళాడు. ఆరుంపావుకు బయలుదేరాం. ఊరి చివర బంకులో పెట్రోలు పోయించుకున్నాం. ఒళ్ళో గిన్నె, గిన్నెలో పాల ప్యాకెట్లు, వెనక సీట్లో కోటేశు భార్యకు చీర.

పిడుగురాళ్ళ దారిలో పొద్దున పూట మిరపచేల మీద మంచు ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ రోజు ఎక్కువసేపు చూడలేదు. ఆరూ ముప్పావు దగ్గర బండి ఒకసారి ఉలిక్కిపడింది. తర్వాత ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా కుదుపు మీద కుదుపు. స్టీరింగు వెనక డబ్బా బొమ్మ లాంటి పసుపు దీపం ఒకటి వెలిగి ఆరి వెలుగుతోంది. ఎత్తు ఎక్కమంటే ఎక్కలేకపోయింది. ఏడింటికి ఒక వేపచెట్టు పక్కన ఆపేశాడు.

ఆయన చేతికి తెలిసిందంతా డీజిల్ ఇంజను. నీళ్ళు కలిసిన పెట్రోలు పోశారని ముందు బంకు మీద అనుమానపడ్డాడు. సీసాలోకి కొంచెం పట్టి చూస్తే పెట్రోలు తేటగానే ఉంది. ఫిల్టరు అన్నాడు, గాలి అన్నాడు. ఆపి స్టార్టు చేశాడు, మళ్ళీ ఆపాడు. స్టార్టు అవుతుంది, వణుకు మాత్రం పోదు. ఏడున్నర దాటాక ఆయన కోపమంతా అంజయ్య వైపు తిరిగింది. ఫోను చేసి, పాడైన బండి అంటగట్టావన్నాడు. అవతల అంజయ్య ఏదో చెప్పబోతే వినలేదు. "ముప్పై ఏళ్ళ స్నేహం ఇయ్యాల తెలిసింది లేరా" అని ఫోను పెట్టేశాడు. ఆయన ఆ మాట ఎవరినీ అనే మనిషి కాదు.

ఎనిమిదీ అయిదుకు మాచర్ల బస్సు వచ్చింది. చెయ్యెత్తకుండానే ఆపి, కండక్టరమ్మ తలుపులోంచి, "ఆడోళ్ళకు టికెట్టు లేదు గదా, ఎక్కు పిన్నీ" అంది. మా ఆయన గిన్నె నా చేతికిచ్చి, "ఎక్కవే, నేను తరవాత వస్తా" అన్నాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు. ఆ బస్సెక్కితే నేను ముహూర్తానికి ముందే చేరతాను. కానీ ఈ మనిషి మళ్ళీ ఊరి బయటే ఉండిపోతాడు. రావడంలేదని కండక్టరమ్మకు చెప్పాను. బస్సు వెళ్ళిపోయాక ఆయన గిన్నె మీద పడిన దుమ్ము తువాలుతో తుడిచాడు.

మిర్చి బస్తాల ఆటో అతను ఒకడు ఆగి చూశాడు. పిడుగురాళ్ళలో సైదావలి అని మెకానిక్ ఉన్నాడని, మెల్లగా అక్కడి దాకా పొమ్మని చెప్పాడు. "చెవితో చూస్తాడు బాబాయ్ ఆయన" అన్నాడు. కుదుపుల మీద కుదుపులు తింటూ ఎనిమిదీ నలభైకి చేరాం. సున్నపు బట్టీల పొడి పడి ఆ ఊళ్ళో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. షెడ్డు ఇంకా తెరవలేదు. పక్క బండి మీద ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ బాగుంటుంది. నేను తినకుండా వీధి చివరకే చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదికి నాలుగు నిమిషాల ముందు సైదావలి వచ్చాడు. తెల్లగడ్డం, నల్లచేతులు. ముహూర్తం సంగతి వినగానే టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఆయన పని నేను దగ్గరుండి చూశాను, మీరూ గుర్తుపెట్టుకోండి. స్టార్టు చేయించి బానెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఎప్పుడు మొదలైంది, వానలో తడిసిందా, కడిగారా అని అడిగాడు. పెట్రోలు గురించి అడగనే లేదు. ఆ బండికి ఇంజను నెత్తిన వరసగా నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ప్లగ్గు, దాని మీద నిప్పురవ్వ పుట్టించే కాయిలు. ఇంజను తిరుగుతుండగానే మొదటి కాయిలు వైరు పీకాడు. ఇంజను గొంతు ఒక్కసారి పడిపోయింది. మళ్ళీ పెట్టి రెండోది పీకితే అట్లాగే పడిపోయింది. మూడోది పీకితే ఏ తేడా లేదు, వణుకు వణుకే.

"ఇదే అన్నా, పలకనిది" అన్నాడు మా ఆయనతో. "మూడోది చచ్చింది, మిగతా మూడూ మోస్తన్నాయి."

ఇంజను ఆపించి, పదో నంబరు పానాతో ఆ కాయిలు విప్పి పైకి లాగాడు. కింద ఉన్న రబ్బరు గొట్టం తడిగా మెరుస్తోంది. సెల్లు లైటు వేసి చూపిస్తే గుంట అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. తడి ఉంటే రవ్వ ప్లగ్గు దాకా పోకుండా పక్కకు జారిపోతుందట. రబ్బరు మీద వేలు రాసి, రెండు వేళ్ళూ అంటించి విడదీశాడు. జిగురుగా సాగింది. వాసన చూశాడు. తర్వాత కాయిళ్ళ నెత్తిన ఉన్న నాలుగు కుంకుమ బొట్లు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. "తడే అన్నా, ఆరబెడితే చాలు" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన ఊరుకోలేదు. తాను లోపల పొడిగుడ్డే వాడానన్నాడు. మరి తడి ఎట్లా వచ్చింది? లోపం కనపడకుండా అంజయ్యే నీళ్ళు కొట్టి కడిగించి ఉంటాడన్నాడు. మళ్ళీ ఫోను తీశాడు. ముప్పై ఏళ్ళ స్నేహం నా కళ్ళ ముందే తెగిపోతోంది. ఇక దాచడానికి లేకపోయింది.

"ఫోను పెట్టవయ్యా" అన్నాను. "ఆ నీళ్ళు నేను పోసినయ్యి. కొబ్బరినీళ్ళు."

"ఇంజను నెత్తినా?"

"బండికి గుండెకాయ అదేనని నువ్వే గదా చెప్పింది. ఉత్త రేకు మీద పోస్తే ఏం పుణ్యమని లోపల పోశా. చుక్క చుక్క అన్నిటికీ వేసి, మిగిలిందంతా మూడోదాంట్లో పడింది."

మా ఆయన ఫోను జేబులో పెట్టాడు. "లారీకైతే బిందె కుమ్మరించినా ఏం కాదు. ఇది పెట్రోలుబండి, ఇట్టా చెయ్యమాకని నేనే చెప్పాల్సింది" అన్నాడు, నాతో కాదు, బానెట్టుతో.

సైదావలి గడ్డంలో నవ్వుకుంటూ, "పూజ తప్పు కాదక్కా, మూత దించి చెయ్యాల. దసరా తెల్లారి నాకు ఇట్టాంటియ్యి రెండన్నా వస్తాయి" అన్నాడు.

ముందు గాలిగొట్టంతో గుంట ఆరగొట్టాడు, ఆ తర్వాతే ప్లగ్గు విప్పాడు. తొందరపడి ముందే విప్పితే ఆ నీళ్ళు ఇంజను లోపలికి దిగుతాయట. ఉత్త నీళ్ళయితే వేడికి ఆరిపోయేవేమో కానీ కొబ్బరినీళ్ళు ఆరితే జిగురు మిగులుతుందని, స్పిరిట్టులో గుడ్డ ముంచి రబ్బరు లోపలా బయటా తుడిచాడు. మిగతా మూడు గుంటలు కూడా విప్పి చూశాడు. బొట్లు మాత్రం చెరపలేదు. తొమ్మిదీ ఇరవై అయిదుకు స్టార్టు చేయిస్తే పిల్లి గురక లాంటి చప్పుడు. మూడు వందలు తీసుకున్నాడు, వచ్చేటప్పుడు పాయసం తెమ్మన్నాడు.

గురజాల దాటాం, రెంటచింతల దాటాం. బండి ఎక్కడా తడబడలేదు. పది నలభైకి మాచర్లలో కోటేశు వీధి మలుపు తిరిగితే ఎదురుగా షామియానా, దారికి అడ్డంగా కుర్చీలు. ఇక్కడే ఆపేస్తానని మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు. అప్పటికే కోటేశు తడి తలతో పరుగెత్తుకొస్తున్నాడు. "కుర్చీలు తియ్యండ్రా, బావ బండి గుమ్మం దాకా రావాల" అని కేకేశాడు. నలుగురూ కుర్చీలు పక్కకు లాగారు. మా ఆయన ఒక్కో అడుగే పోనిచ్చి, ముగ్గు చెరగకుండా గుమ్మం ముందు ఆపాడు. దిగి నా వైపు తలుపు తనే తీశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి పుట్టింటివాళ్ళ గుమ్మంలో సున్నం లేని చీరతో దిగాను.

పది యాభై రెండుకు అమ్మ గిన్నెలో పాలు పొంగి, కోటేశు తన చేత్తో పాలిష్ పట్టిన రాయి మీదికి జారాయి. మా మరదలు తుడవబోతే వాడు ఆపాడు, కాసేపు ఉండనిమ్మని.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. అయిదున్నరకు సైదావలికి పాయసం, పులిహోర ఇచ్చాం. ఆయన బానెట్టు మీద చెయ్యి పెట్టి, "నాలుగూ పలుకుతున్నాయి" అన్నాడు. నరసరావుపేట చేరాక బండి మా వీధికి తిరగలేదు. ఏడు దాటాక రొంపిచెర్లలో ఆగాం. అంజయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. మా ఆయన కారు పక్కనే నిలబడ్డాడు. పాయసం గిన్నె అరుగు మీద పెట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. అంజయ్య వచ్చి బానెట్టు ఎత్తించి, ఆ నాలుగు బొట్లను చాలాసేపు చూశాడు.

"నన్ను తిట్టినందుకు నీకు పాయసం లేదురా" అని గిన్నె తన వైపు లాక్కున్నాడు. ఓ నాలుగు చెంచాలు తిన్నాక అదే చెంచా మా ఆయన చేతికిచ్చాడు. ఇద్దరూ ఆ ఒక్క గిన్నెలోనే తిన్నారు.

మాచర్ల దారి బాగుంది, వెళ్ళిరండి. పొద్దున్నే వెళితే ఎండ తగలదు. పూజ మాత్రం బానెట్టు మూసి చేసుకోండి. ఇంతసేపూ విన్నారు కదా, మీ ఇంట పాలు పొయ్యి మీదే పొంగుగాక. మీ బండి ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ గుమ్మం మీకోసం తెరిచి ఉండుగాక. కోపంలో మీ మీద జారిన మాట ఏదైనా ఉంటే, పొద్దు గుంకేలోపు మీ ఇంటికి పాయసంతో తిరిగి వచ్చుగాక.