ఉప్పునీళ్ళ దూలం

నా చిన్నప్పుడు పెడనలో నేతపనివాళ్ళ కోసం ఒక పెద్ద షెడ్డు కట్టారు. దాని ప్లాను గీసినాయన్ని మా ఊళ్ళో అందరూ జర్మనీ దొర అనేవారు. తన దేశంలో ఇళ్ళూ ఫ్యాక్టరీలూ కట్టి పేరు తెచ్చుకున్న మనిషి, మా ఎండలో గొడుగేసుకుని ఇటుకల మధ్య తిరిగేవాడు. మేస్త్రీ మా తాతయ్య. బందరులో సున్నపు గోడలు కట్టి కట్టి తల పండిన మనిషి. ఇనుప చువ్వలు పెట్టి సిమెంటు పోయడం మాత్రం ఆయనకు కొత్త. ఆ సంగతి ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవాడు.

దొర పెట్టిన షరతు ఒకటే, సిమెంటులో మంచినీళ్ళే కలపాలని. ఉప్పునీళ్ళు కలిపితే లోపలి ఇనుము ఏళ్ళ మీద తుప్పు పట్టి కప్పు కూలుతుందట. మా ఊరి బావినీళ్ళు ఉప్పు కషాయం. ఆ వేసవిలో కాలవలకు నీళ్ళు కట్టేశారు, చెరువు అడుగంటింది, తాగడానికే బిందెలకు వంతులు. వానలు ముంచుకొస్తున్నాయి, చివరి గది దూలం ఒక్కటే మిగిలింది. అది పోసే రోజు దొర బందరు వెళ్ళాడు. దాహమేసి, సిమెంటు కలిపే చోట తొట్టిలో దోసిలి ముంచి తాగబోయాను. నోట్లో పోసుకున్నదంతా ఉమ్మేశాను. తాతయ్య చూశాడు.

"ఈ నీళ్ళతో కట్టిన గోడలు మా తాతల నాటి నుంచీ నిలబడే ఉన్నాయే అమ్మడూ. దొరతో అనమాక," అన్నాడు.

నేను అనలేదు. షెడ్డు తెరిచాక మా అమ్మ నూలు కండెలు చుట్టబోయేది ఆ చివరి గదిలోనే. తెలిసీ మూడు రోజులు నోరు మూసుకున్నాను.

నాలుగోనాటి సాయంత్రం దొర తన కట్టడాల ఫోటోలు అతికించిన పుస్తకం తాతయ్యకూ నాకూ చూపించాడు. మొదట ఇళ్ళు. పెంకూ లేదు, నగిషీ లేదు, అచ్చం అగ్గిపెట్టెలే. తర్వాత ఫ్యాక్టరీలు, నేల నుంచి కప్పు దాకా అద్దాలే. ఆ తర్వాత చాలా పేజీలు ఖాళీ. అక్కడి కొత్త ఏలికలకు ఆయన కట్టడాలు కంటగింపయ్యాయట, పని ఇవ్వనివ్వలేదట. చాలా ఫోటోల మీద పెన్సిలుతో అడ్డగీతలున్నాయి. తప్పు లెక్కలకు మా పంతులుగారు కొట్టే గీతల్లాంటివే అనుకున్నాను. యుద్ధంలో బాంబులు పడి కూలినవట అవన్నీ. ఒక్క ఫ్యాక్టరీ మీద మాత్రం గీత ఎర్రగా ఉంది.

"ఇదీ బాంబేనాండీ?" అన్నాడు తాతయ్య.

దొర ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో అన్నాడు: "బాంబు కాదు. నేను. అక్కడ మేస్త్రీ చెప్పాడు, నీళ్ళు మంచివి కాదు అని. తొందర. నేను సరే అన్నాను. తొమ్మిది ఏళ్ళు బాగుంది. తర్వాత ఒక పొద్దున్న కప్పు... లోపల అందరూ ఆడవాళ్ళు."

తాతయ్య చేతిలో చుట్ట ఆరిపోయింది. నా వైపు చూడలేదు. నాకు భయమేసింది.

తెల్లారి దొర వచ్చేసరికి తాతయ్య సమ్మెట పట్టుకుని నిలబడి ఉన్నాడు. "చివరి దూలం బావినీళ్ళతో పోశానండి. తప్పు నాదేనండి," అన్నాడు. దొర చొక్కా విప్పి, ఇంకో సమ్మెట అందుకున్నాడు. మధ్యాహ్నానికి దూలం బద్దలైంది. తీరా చూస్తే లోపల ఇనుము శుభ్రంగా ఉంది. ఉత్తపుణ్యానికి పగలగొట్టారని కూలీలు నవ్వారు. దొర నన్ను పిలిచి ఆ చువ్వ చూపించాడు.

"తుప్పు ఇప్పుడు కనపడదు. నువ్వు పెద్ద అయ్యాక కనపడుతుంది," అన్నాడు.

వానలు పడి కాలవకు నీళ్ళొచ్చాక దూలం మళ్ళీ పోశారు. దాని కింద అమ్మ ఏళ్ళ తరబడి కండెలు చుట్టింది. నేను ఈనాటికీ ఏ కొత్త కప్పు కిందికి వెళ్ళినా ముందు తలెత్తి చూస్తాను. మా పిల్లలు అది నా చాదస్తమని నవ్వుతారు. వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఆ పొద్దున్న తాతయ్య నోరు విప్పకపోయి ఉంటే నేను విప్పేదాన్నా? ఏమో. అన్నం క్యారేజీ పట్టుకుని అమ్మ రోజూ ఆ గదిలోకి వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్నేమో. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నోరంతా ఉప్పగా అయిపోతుంది.