మా చారల చేప క్షేమసమాచారాలు

ఆ రోజుల్లో మా ఉద్దానం తీరపు పల్లెలో చేపను పెంచుకుంటాననడం, కూరగాయలమ్మే ఇంట్లో వంకాయను పెంచుకుంటాననడం లాంటిది. నేను పెంచాను. అప్పటికి నాకు పదేళ్లు. సముద్రంలో రాళ్ల దగ్గర వేసిన వలలో నాన్నకి వేలెడంత చేప ఒకటి పడింది. పసుపు ఒళ్లు, నిలువునా అయిదు నల్లచారలు. (పగడపు దిబ్బల్లో తిరిగే జాతి అని కాలేజీలో తెలిసింది. అప్పటికి అది కూరకి రాని చేప, అంతే.) బతికే ఉందని నాన్న నా కోసం తెస్తే, మంచినీళ్ల బిందెలో సముద్రపు నీళ్లు పోసి, అందులో వేసి అమ్మ చేత తిట్లు తిన్నాను. సముద్రపు నీళ్లు రోజూ మార్చమన్నాడు నాన్న. మూడు రోజులు మోశాను. నాలుగో రోజు బద్ధకించి, నూతినీళ్లలో వంటింటి ఉప్పు కలిపి, పులుసుకి చూసినట్టు అరచేతిలో వేసుకుని రుచి చూశాను. సరిపోయిందనే అనిపించింది. (నా వంటలో ఉప్పు సంగతి మావారిని అడగండి.)

మధ్యాహ్నానికి చేప పక్కకి ఒరిగిపోయింది. నా చేతులారా చంపేస్తున్నానని వెక్కివెక్కి ఏడ్చాను. రోజూ బుట్టెడు చేపలు కోసే మా అమ్మ, ఆ పూట కత్తిపీట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది, దాని కళ్లముందు వద్దని. అన్నానికొచ్చిన నాన్న బిందెలో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.

“ఏటి కలిపినావే గుంటా?”

చెప్పాను. తిట్టలేదు. కంచం ముందు కూర్చోకుండానే బిందె ఎత్తుకుని, తెప్ప తోసుకుని రాళ్లవైపు వెళ్లాడు. చేపని దిగబెట్టడానికి వేటకెళ్తున్నాడని ఒడ్డంతా నవ్వింది. ఆయన తిరిగొచ్చేదాకా నేను ఇసకలోంచి కదల్లేదు.

“బిందె వొంచగానే సర్రుమని ఎలిపోనాది. ఎనక్కి తిరిగి సూడనేదు,” అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి వేట నుంచి దాని కబుర్లు తెచ్చేవాడు. ఒళ్లు చేసిందని, పెళ్లయిందని, పెద్దపిల్లది అచ్చం నా మొండితనమేనని. టెక్కలిలో డిగ్రీ చదువుతుండగా నాకు తెలిసింది, అలా ఒరిగిన చేప బతకడం కష్టమని. నాన్నని మాత్రం ఏమీ అడగలేదు. పలాసలో సైన్సు టీచరుగా చేరిన రోజు ఇంటికి ఫోన్ చేసి, పెట్టేసేముందు ఎందుకో చేప ఎలా ఉందన్నాను.

“బాగుందే. నిన్నడిగినాది,” అన్నాడు నాన్న.

అంత చదువు చదివినదాన్ని, ఉద్యోగమొచ్చిందని దానికీ చెప్పమన్నాను. తప్పకుండా చెప్తానన్నాడు.