గోడవతలి పురుగులు

మా ఊళ్ళో సెల్‌ఫోన్లు కొత్తగా మోగుతున్న ఆ ఏళ్ళలో, ఎవరి పెరట్లో మిరప చెట్టు ముడుచుకున్నా ముందు నన్నే పిలిచేవారు. పక్క టౌను చింతామణి నుంచి కూడా మనుషులు వచ్చేవారని రాయబోయి ఆగాను. రాలేదు. మా వీధిలోంచే ఇద్దరు వచ్చారు, అందులో ఒకాయన వచ్చింది నిచ్చెన కోసం.

నా విద్యంతా రేడియోలో విన్న ఒక్క ముక్క. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే ఆకునల్లి. దాన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకున్నాను. మా చెట్ల ఆకులు కిందికి ముడుచుకున్నాయి. అరుగు మీద నలుగురి ముందూ "తామర పురుగే" అని తేల్చేశాను. మందు నా సొంతం, పేరు చెప్పనన్నాను. అది పొగాకు కాడలు ఉడికించిన నీళ్ళు.

పట్టుకు పేరుపడ్డ శిడ్లఘట్ట చుట్టుపక్కల పుట్టినవాడికి పొగాకు సంగతి ఒకరు చెప్పాలా? పట్టుపురుగులున్న గదిలోకి బీడీ తాగిన చేతులతో అడుగు పెట్టనివ్వరు. మా గోడకు ఆనుకునే పక్కింటామె మల్బరీ తోట, ఆమె పట్టుపురుగులకు అదే మేత. గాలి అటే వీస్తోంది. అయినా పంపుతో ఆ నీళ్ళు కొట్టాను.

గోడ మీదుగా ఆమె అడిగింది. "ఏం కొడ్తాండావప్పా?"

"వేపాకు నీళ్ళేలేమ్మా."

"అయితే సరే. పురుగులు పెద్ద జ్వరం లేచి ఆకలి మీద ఉండాయి. ఈ పక్క ఆకు కోసుకుంటా."

పెద్ద జ్వరమంటే ఆఖరిసారి పొర విడవడం. అది దాటిన పురుగు ఇంకో వారం మేసి గూడు కట్టడమే తరువాయి. అన్ని రోజుల చాకిరీ ఆ వారం మేత మీదే ఉంటుంది. ఆమె కొడవలి చప్పుడు వింటూనే ఇంట్లోకి వచ్చాను.

మా ఆవిడ పొయ్యి మీది కుండ వాసన చూసింది. "ఇది వేపాకా? పోయి చెప్పు. నీ మర్యాద పోతే పోనీ, ఆయమ్మ పురుగులన్నా ఉంటాయి."

"రేపు చెప్తాలే."

"రేపటికి చెప్పేదానికేముంటాది?"

నేను వెళ్ళేసరికి ఆమె పురుగుల తట్టల్లో ఒకదానికి ఆకు వేసేసింది. రెండో తట్ట మీద చేతులు చాపి ఉంది. గడప బయటే నిలబడి, "అది పొగాకు నీళ్ళమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. చేతిలోని ఆకు మోపు ఎత్తి బయట పారేసింది. మొదటి తట్టలో పురుగులు అప్పటికే తలలెత్తి ఊగుతూ పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. ఆ తట్టను కూడా పట్టుకొచ్చి, నా పక్కనుంచే దాటిపోయి దిబ్బలో బోర్లించింది. మిగిలిన తట్టలకు తోట అవతలి కొసనుంచి ఆకు కోయాలి. నేను మోస్తానన్నాను.

"నీ చేతులతో వద్దప్పా."

కొడవలి తీసుకుని రెండడుగులు వేసి ఆగింది. "ఇంతకీ నీ చెట్లల్లో ఉండేది తామర పురుగేనా? ఆకు తిప్పి చూసినావా?"

"లేదమ్మా," అన్నాను.