ఏది చేయగలిగితే బాగైనట్టు

తెనాలి డాక్టరమ్మగారు పోయారని మంగళవారం పొద్దున పాలు పోయించుకుంటుంటే తెలిసింది. మా పాలావిడ చెల్లెలు ఆవిడ ఆస్పత్రిలో ఆయా. చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయాను. లోపలినుంచి మా అత్తగారు, "ఏంటి, ఎవరు పోయారు?" అని అడిగారు.

"ఎవరో డాక్టరంటండి," అన్నాను.

అంతకు మించి చెప్పే వీలు నాకు ఆ ఇంట్లో లేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మా అత్తవారిది రేపల్లె, పుట్టిల్లు బాపట్ల. పంతొమ్మిది వందల అరవైల మధ్యలో నాకు మూడో కాన్పు రెండు రోజులు కష్టమైంది. బిడ్డా నేనూ బతికాం. ఆ తర్వాత నుంచి దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా నాకు తెలియకుండానే మూత్రం పడిపోయేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. అత్తగారు వాసన పసిగట్టారు. పల్లెత్తు మాట అనలేదు. నా చాప వెనక వసారాలో వేయించి, పూజగదిలోకి రావద్దన్నారు. పెళ్లిళ్లు, సినిమాలు మానేశాను. నవ్వొస్తే పళ్లు బిగబట్టుకునేదాన్ని. అన్నిటికన్నా కష్టం బాపట్ల వెళ్లలేకపోవడం. రేపల్లెలో రైలెక్కి తెనాలిలో మారాలి. అంతమంది మధ్య అంతసేపు ఎలా కూర్చోను? పక్షవాతంతో మంచానపడ్డ మా అమ్మ, "నీకు బరువైపోయానా?" అని కబురుపెట్టింది. దానికి జవాబు పంపలేకపోయాను. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

పెద్దపిల్లకు కడుపునొప్పి తగ్గకపోతే, గత్యంతరం లేక మావారితో తెనాలి వెళ్లాను. డాక్టరమ్మగారు పిల్లను చూస్తూ, "కూర్చోమ్మా," అన్నారు.

"పర్లేదండి."

మళ్లీ అన్నారు. మళ్లీ అదే జవాబు చెప్పాను. మందు రాసిచ్చి, పిల్లను ఆయాతో బయటకు పంపి, ఆవిడే లేచి తలుపు గడియ వేశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎవరి మాటైనా శ్రద్ధగా వినాలనుకుంటే అలా తీసేవారని తర్వాత తెలిసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటండి?"

"కూర్చోవడానికి భయపడటం."

ఏడుపు ఆగలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. అంతా విని, పరీక్ష చేసి, "కాన్పులో కండ దెబ్బతిందమ్మా. చెయ్యి విరిగితే సిగ్గుపడతామా? ఇదీ అంతే," అన్నారు. మావారిని పిలిచి ఆపరేషను సంగతి ఆవిడే చెప్పారు. ఆయన తలవంచుకుని ఒప్పుకున్నారు.

ఆపరేషనైన రెండు నెలలకు చూపించుకోవడానికి వెళ్లాను. "రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తున్నావు?" అని అడిగారు.

"నాలుగండి."

"ముందు తొమ్మిదన్నావు. బాగుంది," అని పుస్తకంలో రాసుకున్నారు. నేనూ బాగుందన్నాను. అంత చేసిన మనిషి ముఖం మీద లేదని ఎలా అంటాను? ఇంటికొస్తే చాప వసారాలోనే ఉంది. తొమ్మిదైనా నాలుగైనా నేను ఉన్న చోటే ఉన్నాను.

ఆ తర్వాతిసారి ఆవిడ గుడ్డల మాట ఎత్తలేదు. "రైల్లో కూర్చునే వచ్చావా?" అన్నారు.

నేల చూస్తూ, "తలుపు దగ్గర నిలబడి వచ్చానండి," అన్నాను.

కలం కింద పెట్టేశారు. కళ్లజోడు తీశారు. "కిందటిసారి నేను రాసింది తప్పమ్మా. నిన్ను అడగకుండానే బాగైందని రాసేశాను. ఏది చేయగలిగితే నీకు బాగైనట్టు?" అన్నారు.

నన్ను ఎవరూ అలాంటి మాట అడిగి ఎరగరు. "బాపట్ల దాకా కూర్చుని వెళ్లాలండి. మా అమ్మ పక్కన, మంచం మీద కూర్చోవాలి," అన్నాను.

పాత మాట కొట్టేసి, నేనన్నది అన్నట్టే రాసుకున్నారు. అప్పటినుంచి ఈ బాధతో వచ్చిన ప్రతి మనిషినీ ముందుగా అదే అడిగేవారట. ఆపరేషనప్పుడు నా పక్క మంచం మీదున్న దర్జీ గారి భార్య మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, "ఒక్క నమాజైనా మధ్యలో లేవకుండా చదువుకోవాలమ్మా," అంది. వేమూరు నుంచి వచ్చినావిడ నాట్లకు వంగగలిగితే చాలంది. అవీ రాసుకున్నారు.

నాకు ఒక కసరత్తు నేర్పారు. "మూత్రం ఆపుకున్నట్టు బిగబట్టి, అయిదు లెక్కపెట్టి వదులు. బియ్యం ఏరుకుంటూ చెయ్యి, ఎవరికీ తెలీదు. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. నేను నీకు అబద్ధం చెప్తే, నువ్వు నాకు అబద్ధం చెప్తావు."

ఏడు నెలలు చేశాను. ఆ తర్వాత ఒక రోజు రేపల్లెలో రైలెక్కి, ఒక ముసలావిడ పక్కన కూర్చున్నాను. తెనాలిలో బండి మారి మళ్లీ కూర్చున్నాను. నిడుబ్రోలు దగ్గర తుమ్మొచ్చింది. కాస్త తడిసింది. ఎవరూ నావైపు చూడలేదు. నేను లేవలేదు.

బాపట్లలో అమ్మ మంచం మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. "పిచ్చిదానా, నాకు ముందే చెప్పకూడదా," అని కదిలే చెయ్యి నా మోకాలి మీద వేసి, చీకటిపడేదాకా తియ్యలేదు. ఇంకో ఏడాది బతికింది. నాలుగుసార్లు వెళ్లాను.

ఆ మాట చెబితే డాక్టరమ్మగారు మురిసిపోయారు. "ఇంకేం కావాలి?" అన్నారు.

"చాప లోపలికి రావాలండి."

"అది నా చేతిలో లేదమ్మా," అన్నారు. ఆ చాప ఈరోజుకీ వసారాలోనే ఉంది.

ఎరిగినవాళ్లెవరికో బాగోలేదని ఇంట్లో చెప్పి, ఆ మంగళవారమే తెనాలి వెళ్లాను. ఆస్పత్రి అరుగు మీద చాలామంది ఆడవాళ్లున్నారు. నా వయసే ఉన్న ఒకావిడ అడిగింది: "మీకు దేనికి చూశారండి?"

"కాళ్లనొప్పులకండి," అన్నాను. "మరి మీకో?"

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "నాకూ అంతేనండి. కాళ్లనొప్పులే."

ఇద్దరం అరుగు మీద పక్కపక్కనే కూర్చున్నాం. అవతల దొడ్లో తీగ మీద ఆస్పత్రి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. తీసేవాళ్లు లేక, ఎండిపోయి కూడా, గాలికి అక్కడికక్కడే కొట్టుకుంటున్నాయి.