లక్క రాజలింగం గారు నేల మీద పరచిన తీగ

రాజలింగం గారు ఇక లేరన్న వార్త నాకు తంతి ఆఫీసులోనే, నా కుర్చీలోనే అందింది. పురానాపూల్ దగ్గర ఆయన పొరుగున ఉండే మనిషి వచ్చి, బంధువులకు పంపవలసిన టెలిగ్రాము రాసిన కాగితం నా ముందు పెట్టాడు. పరుల మరణవార్తలను చుక్కలుగా, గీతలుగా మార్చి దేశం నలుమూలలకూ పంపడంలోనే తలనెరిసిన వాణ్ణి. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలలేదు. పక్క కుర్చీలోని సహోద్యోగి నా ముందు నుంచి కాగితం తీసుకుని తానే పంపాడు.

శోకం గురించి రాయాలని కూర్చుంటే కలంలోంచి ముందుగా రోత వస్తున్నది. పాఠకులు మన్నించాలి. రేడియో ఔత్సాహికులమైన మా హ్యామ్ సంఘం వారు ఆయనకు సంతాపసభ జరిపారు. అధ్యక్షులవారు పదవీ విరమణ చేసిన ఇంజనీరు. గద్గద కంఠంతో రాజలింగం గారిని 'నేలతల్లి నాడి పట్టిన ఋషి' అన్నారు. 'మన నగరంలో భూతల ఏరియల్ పరిశోధనకు ఆద్యుడు' అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ ఋషి బతికి ఉన్నన్నాళ్ళూ ఇదే సంఘంలో, ఇవే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆయనను 'వానపాము' అని పిలిచేవారు. ఆయన వినేటట్టే పిలిచేవారు.

రాజలింగం గారిది తరతరాలుగా లాడ్ బజార్ గాజుల కార్ఖానాలకు లక్క టోకున అమ్మే కుటుంబం. కింద దుకాణం, మీద ఇల్లు. రేడియో లైసెన్సు పరీక్షకు ఆ చుక్కలూ గీతల మోర్స్ భాష నేర్చుకోవాలని ఒక సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నాకంటే పెద్దవారు. నన్ను 'తమ్మీ' అనేవారు, నేను 'అన్నా' అనేవాణ్ణి. చదువు మెట్రిక్ దాకా. పట్టుదలకు మాత్రం కొలతలేదు. మొండితనం అన్నా నాకు అభ్యంతరం లేదు, దాన్ని భరించినవాణ్ణి నేనే.

ఆయన మోహమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల మీద. ఆ తరంగాలు మహా దీర్ఘమైనవి. వాటిని అందుకోవాలంటే ఏరియల్ తీగ కూడా పొడుగ్గా, బాగా ఎత్తున ఉండాలని పుస్తకాలు చెబుతాయి. పాతబస్తీ మిద్దెల మీద అంత చోటెక్కడిది? ఎట్లాగో కట్టినా పిండిగిర్నీ మోటార్ల గరగర, కరెంటు తీగల బుసబుస తప్ప చెవిన పడేదేమీ ఉండదు. అందుకని ఆయన తీగను దించేశారు. చాంద్రాయణగుట్ట అవతల పిత్రార్జితమైన బీడు ఒకటి ఉండేది. అప్పట్లో అక్కడ బండలూ తుమ్మలూ తప్ప ఏమీ లేవు. ఆ బీడు ఈ చివరి నుంచి ఆ చివరికి నేల మీదనే తీగ పరచి, రెండు కొసలా రాగి కడ్డీలు భూమిలో దిగగొట్టి, బ్యాటరీ రిసీవరు తగిలించి వినేవారు. అట్లాంటి తీగ సందేశం పంపడానికి పెద్దగా కొరగాదు. వినడానికి మాత్రం దాని శాంతమే వేరు. "మీది తీగె లొల్లి ఇంటది తమ్మీ, కింది తీగె మాట ఇంటది" అనేవారు. ఈ వాక్యాన్ని సంతాపసభలో అధ్యక్షులవారు తనకే చెప్పినట్టుగా ఉటంకించారు.

మొదట పరచిన తీగ మీది నూలు తొడుగును చెదలు తినేశాయి. ఆయన బాధపడలేదు. తీగను లాడ్ బజార్‌లో తమ దగ్గర లక్క కొనే ఒక కార్ఖానాకు తీసుకుపోయి, బొగ్గుల కుంపటి మీద వేడిచేస్తూ దాని పొడుగునా ఎర్ర లక్క పూయించారు. కార్ఖానా ఉస్తాద్ నవ్వుతూ, "క్యా సేఠ్, తీగెకు గాజులు తొడుగుతున్నవా?" అన్నాడు. "తీగెకు గాదు భాయ్, భూమికి" అన్నారు ఈయన, నవ్వకుండా. ఆ లక్క తొడుగు రెండు వానాకాలాలు చెక్కుచెదరలేదు.

ఆయనతో పెళ్ళికి పోవడం ఒక శిక్ష. ఒకసారి మా బంధువుల పెళ్ళిలో పందిట్లో గొంతుక్కూర్చుని, చిటికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలుపుతూ, "మస్తు నేల తమ్మీ గిది, తడి ఆపుతది. గీడ తీగె ఏస్తెనా..." అని మొదలుపెట్టారు. పిల్ల తండ్రి పందిట్లో ఏదో లోపం జరిగిందనుకుని చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పాపం ఆయనకు కూడా నేలలో తడి గురించి అరగంట ఉపన్యాసం దక్కింది.

ఒక వేసవి తెల్లవారుజామున ఆ బీటి మీద నేను విన్నది చెబుతాను. ఎక్కడో ఉరుములున్నాయి. సంఘం వారి ఎత్తైన స్తంభం మీద ఆ రోజంతా పటపటలు తప్ప ఏమీ పలకలేదని తరువాత వాళ్ళే ఒప్పుకున్నారు. నేల తీగ మీద మాత్రం, సోవియట్ దేశపు తూర్పు కొసనున్న ఒక హ్యామ్ తన స్టేషను గుర్తును మళ్ళీ మళ్ళీ పంపుతున్నాడు. సన్నగా, స్పష్టంగా. నా బతుకంతా చెవితోనే గడిచింది, నా చెవి పొరపడదు. అన్న కళ్ళు మూసుకుని, ఒక్కో అక్షరాన్ని పెదవులతో పలుకుతున్నారు. సంఘంలో ఈ సంగతి చెబితే అధ్యక్షులవారు, "నేలలో పురుగులు మాట్లాడుకున్నాయేమో చూడండి" అన్నారు. అందరూ నవ్వారు. అన్న కూడా మర్యాదకు నవ్వారు.

ఇక నేను రాయడానికి జంకుతున్న ఘట్టం.

భూమిలో దిగగొట్టిన కడ్డీ చుట్టూ తడి నిలవడానికి గుంత తీసి గళ్ళ ఉప్పూ బొగ్గూ నింపి నీళ్ళు పోస్తారు. కరెంటు పని తెలిసినవాళ్ళందరూ చేసేదే. అన్న కూడా అదే చేశారు. కాని ఎరుగనివారి కళ్ళతో చూడండి. ఒక సేఠ్ ప్రతి ఆదివారం పట్నం నుంచి వస్తాడు. బీడుకు రెండు కొసలా గుంతల్లో ఉప్పు, బొగ్గు పోసి నీళ్ళు చల్లుతాడు. ఎర్రటి తీగ పరుస్తాడు. చెవులకు ఏదో తగిలించుకుని, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతాడు. ఆ బీటి పక్క గుడిసెలో ఉండే మల్లమ్మ బర్రె ఒకనాడు నురగలు కక్కి చచ్చిపోయింది. ఊరు ఊరంతా వచ్చి గుంతలు తవ్వింది. బొగ్గు, ఉప్పు, తీగ కొసల నుంచి రాలిన ఎర్ర లక్క ముక్కలు బయటపడ్డాయి. ఇంకేం కావాలి, బాణామతి అన్నారు, చేతబడి అన్నారు. మంత్రం పలకకుండా అనుమానం వచ్చినవాడి పళ్ళు రాలగొట్టే రోజులవి.

అయినా వాళ్ళు చెయ్యి చేసుకోలేదు. అక్కడి పెద్దమనిషి, అన్న పక్కనున్న నన్ను కూడా చూసి, నెమ్మదిగా మాట్లాడాడు. "సేఠ్, నువ్వు జెప్తె ఎట్ల నమ్మాలె? గీ తమ్ముడు నీ ఎంట తిరిగెటోడు, ఈయన మాట గూడ నీ మాటనే. పట్నంల పెద్ద సదువులోళ్ళ సంగం ఉన్నదంటివి గద. వచ్చే ఐతారం ఆళ్ళను తోలుకరా. గిది రేడియో పనే అని ఆళ్ళంటే మాకు ఫికర్ లేదు." న్యాయమైన మాట. ఇప్పటికీ నాకు అందులో తప్పు కనిపించదు.

అన్న సంఘానికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. అధ్యక్షులవారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "రాజలింగం గారూ, ఇది సున్నితమైన విషయం. బాణామతి పంచాయితీలో సంఘం పేరు వినబడితే పరువేం కావాలి? రేపు లైసెన్సుల మీదికి రాదా?" అన్నారు. సభ్యుల్లో ఒకరు గడియారం చూసుకున్నారు, ఇంకొకరు ఫ్యాను తిరగడం చూశారు.

"ఒక్కరొస్తె చాలు సార్" అన్నారు అన్న. "మాట్లాడకున్నా సరే. నా పక్కకు నిలబడితె చాలు."

ఎవరూ రాలేదు. ఆ ఆదివారం మేమిద్దరమే బస్సు దిగాము. అక్కడ వాళ్ళు పట్నం పెద్దల కోసం తుమ్మ కింద మంచం వాల్చి, ఉతికిన దుప్పటి పరచి, చెంబుతో నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మా వెనక ఎవరైనా దిగుతారేమోనని బస్సు కదిలేదాకా చూశారు. తరువాత పెద్దమనిషి మంచం వైపు చూసి, "తీగె తీసెయ్ సేఠ్" అని మాత్రం అన్నాడు. అన్న తీగను తన చేతులతోనే పెరికి చుట్టారు. లక్క పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. దారిలో, "ఆళ్ళ మీద నాకు కోపం లేదు తమ్మీ" అన్నారు. ఎవరి మీద ఉందో ఆయన చెప్పలేదు. నేను చెబుతున్నాను.

ఆ తరువాత ఆయన రిసీవరు ముట్టలేదు. బాణామతి పేరు పురానాపూల్ దాకా నడిచి వచ్చింది. ఆ వైపు నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ళు ఆయన గుమ్మం ముందు గంప దించడం మానేశారు. ఆయన భార్య అనసూయమ్మ గారు పిలిచినా విననట్టు పోయేవారు. ఏడాది తిరగకుండానే గుండె ఆగి, దుకాణంలో గద్దె మీదనే ఆయన ఒరిగిపోయారు.

మళ్ళీ సంతాపసభకు వస్తాను. ఉపన్యాసం చివర అధ్యక్షులవారు ఒక ప్రకటన చేశారు. రాజలింగం గారి స్మారకంగా ఆయన బీట్లోనే ఆకాశాన్నంటే ఇనుప టవరు నిలబెడతారట. జీవితమంతా తీగను నేల మీద పరచిన మనిషి పేరున టవరు. చప్పట్లు మోగాయి. రెండు మాటలు చెప్పమని అనసూయమ్మ గారిని లేపారు.

ఆమె కొంగు సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నది: "కంబం వద్దు సార్. మీరు చాంద్రాయణగుట్టకు పోయి, మా ఇంటాయన మంత్రగాడు కాదని గా మల్లమ్మకు ఒక్క మాట జెప్పి రాండ్రి. గంతే."

"తప్పకుండా అమ్మా, తప్పకుండా. వచ్చే ఆదివారమే" అన్నారు అందరూ. అప్పటికే చాయ్, బిస్కెట్లు వచ్చాయి.

ఆ ఆదివారం చార్మినార్ బస్‌స్టాపులో ఆమె, నేను నిలబడ్డాము. వస్తారేమోనని ఒక్కో బస్సూ వదిలేశాము. ఎండ ముదిరాక ఆమే, "పోదాం పా తమ్మీ" అన్నది.

మల్లమ్మ మమ్మల్ని చూసి పీట వేసింది, నీళ్ళిచ్చింది. "నీ పెనిమిటి పోయిండని ఇన్న అక్కా. పానం కలుక్కుమన్నది" అన్నది. అనసూయమ్మ గారు తాను చెప్పదలచిన ఒక్క మాటా చెప్పారు.

"నమ్మాలనే ఉన్నదక్కా" అన్నది మల్లమ్మ. "గని గాయన మంచోడైతె, గంత మంది సదువుకున్నోళ్ళల్ల ఒక్కడన్న ఎంట రాకపోవునా? ఇయ్యాల గూడ మీరిద్దరే వస్తిరి."

అనసూయమ్మ గారు గ్లాసు కింద పెట్టి లేచారు.

అన్నా, నీ వంటి శ్రోత ఈ నగరానికి మళ్ళీ దొరకడు. నీకు సాష్టాంగ ప్రణామం. ఈ వ్యాసం చదివే విజ్ఞులకు నువ్వు మంత్రగాడివి కాదని నేను చెప్పనవసరం లేదు, వాళ్ళందరికీ మొదటినుంచీ తెలుసు. తెలియవలసిన మల్లమ్మకు చదువు రాదు.